పాప బరువు రాయి

లేబర్ కాలనీ, వరంగల్
11-1-2026, ఆదివారం

చిరంజీవి శ్రీనివాస్‌కు బాపు ఆశీస్సులు. స్వాతికి, చిన్నికి కూడా.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. చలి ముదిరింది. మీ అమ్మ తెల్లవారుజామున లేచి సకినాలకు బియ్యం నానబోసింది. నానబోసిన సంగతి మరిచి మధ్యాహ్నం మళ్లీ నానబోసింది. కాబట్టి ఈసారి మీకు రెండు డబ్బాలు వస్తాయి. వద్దని చెప్పి ఆమె మనసు నొప్పించకు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుతావు. ఫోనులో నువ్వు "బాగున్నాం బాపూ, అమ్మకు ఇవ్వు" అంటావు. ఉత్తరంలో ఆ వీలు లేదు. పైగా నువ్వు ఫోను చేసి మూడు ఆదివారాలైంది. ఇది నాలుగోది, ఇప్పుడు సాయంత్రం ఆరు. పాప వీడియోలు వస్తూనే ఉన్నాయి, కాదనను. వాటిలో పాప కనిపిస్తుంది, పాపను పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి నీదేనని మీ అమ్మ గుర్తుపట్టింది. అన్నీ పట్టపగలు తీసినవే.

అసలు పని ఒక్కటే. పాప బరువు కావాలి. ఈ నెల 28 నుంచి 31 వరకు మేడారం జాతర. పుట్టిన వారంలో పాపకు కామెర్లు ఎక్కువని మూడు రోజులు నీలం దీపాల కింద పడుకోబెట్టారు కదా, అప్పుడు మీ అమ్మ ఇక్కడ నిలువెత్తు బంగారం, అంటే పాప బరువంత బెల్లం, మొక్కుకుంది. ఆ కామెర్లు దీపాలకే తగ్గుతాయని ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి చెప్పిన నర్సమ్మ తన మనవరాలి దగ్గరికి వచ్చేసరికి దీపాలనూ నమ్మింది, సమ్మక్కనూ నమ్మింది. జాతర ముందర బెల్లం ధర మన మాట వినదు. బరువు తెలిస్తే ఈ వారమే తెచ్చిపెడతాను.

ఇంకేమీ విశేషాలు లేవు. ఐలయ్య మోకాలికి ఆపరేషన్ అయింది, అందరినీ పిలిచి కుట్లు చూపిస్తున్నాడు. మన వేపచెట్టు పెద్ద కొమ్మ తీగలకు తగులుతోందని కొట్టేశారు. మొన్న గురువారం హసన్‌పర్తిలో పెద్దమ్మ సంవత్సరీకానికి వెళ్లాం. రజిత కలిసింది. వాళ్లాయన ఆఫీసు పని మీద బెంగళూరు వచ్చాడట. బుధవారం పొద్దున పదకొండింటికి నిన్ను ఒక పార్కులో చూశాడట. పాపను గుండెకు కట్టుకుని నడుస్తున్నావట. పలకరించబోతే, పాప నిద్రపోతోందని పెదవి మీద వేలు పెట్టి సైగ చేసి వెళ్లిపోయావట. "తమ్ముడు ఉద్యోగం మానేశాడా చిన్నాయనా?" అని అంతమందిలో అడిగింది.

సెలవు పెట్టి ఉంటాడు అన్నాను. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని విస్తరి ముందు నుంచి లేచాను. ఉప్పు సరిగ్గానే ఉందని మీ అమ్మ దారి పొడుగునా అంటూనే ఉంది.

నేను ఏమీ అడగడం లేదు. సెలవే అయి ఉంటుంది.

పాపకు మొన్న ఆరో తేదీతో తొమ్మిది నెలలు నిండాయి. తట్టు, రుబెల్లా టీకా వేయించారా? దానితో పాటే విటమిన్ ఎ చుక్కల మందు కూడా పట్టించాలని మీ అమ్మ రాయమంది, రెండుసార్లు రాయమంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయవద్దట. నీకు నాయనమ్మ వసకొమ్ము అరగదీసి, తేనె కలిపి నాకించబోతే అత్తాకోడళ్లకు మూడు రోజులు మాటల్లేవు. ఆ మూడు రోజులూ ఇద్దరి మధ్య కబుర్లు మోసింది నేనే. ఇప్పుడు పాప బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీది చీమను కూడా ఏరే వయసులో ఉంటుంది. పల్లీలు, రూపాయి బిళ్లలు, మాత్రలు, రిమోట్లలో ఉండే గుండ్రటి బ్యాటరీలు కింద పడి ఉండకూడదు. స్నానాల గదిలో బకెట్టులో నీళ్లు వదలవద్దు. నువ్వు ఫోను చూస్తూ పాపను చూడగలనని అనుకుంటావు. అది కుదిరే పని కాదు. సలహాలు చెప్పకూడదని కాగితం ముందు కూర్చున్నప్పుడే అనుకున్నాను. కానీ బకెట్టు సంగతి చెప్పకుండా ఎలా?

స్వాతి సెలవు గురించి అక్టోబరులోనే అడిగాను. 2017 నుంచి 26 వారాలు ఇస్తున్నారని, అవి అయిపోయాయని, తను ఆఫీసుకు వెళుతోందని చెప్పావు. మరి పాపను అంటే "చూసుకుంటున్నాం బాపూ" అన్నావు. ఎవరు చూసుకుంటున్నారో చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు అన్ని వారాలు ఎక్కడివి? ఆమె డ్యూటీలో చేరేనాటికి నీకు ఇంకా మెడ కూడా సరిగ్గా నిలబడలేదు. నేను ఆజంజాహీ మిల్లులో రాత్రి షిఫ్టు అడిగి వేయించుకున్నాను. రాత్రంతా తెగిన పోగులు అతికి, పొద్దున నీ దగ్గరికి వచ్చేవాణ్ని. ఆ మిల్లుకు నిజాం 1934లో తన కొడుకు పేరు పెట్టాడు. నా కొడుకు పేరు పెట్టడానికి నా దగ్గర మిల్లు లేదు కాబట్టి నీ పొత్తిగుడ్డలు ఉతికాను. మగవాడు అవి ముట్టుకుంటే ఇంటికి మంచిది కాదని నాయనమ్మ. అందుకే ఆమె గుడికి వెళ్లిన వేళ చూసి ఉతికేవాణ్ని.

1995 డిసెంబరు 9, శనివారం. తేదీ ఎందుకు గుర్తుందంటే, దేశమంతటా మూడేళ్ల లోపు పిల్లలకు ఒకే రోజు పోలియో చుక్కలు వేయడం అదే మొదలు. మీ అమ్మకు గీసుగొండ దగ్గర ఒక ఊరి బడిలో డ్యూటీ. చీకటితోనే ఐసు డబ్బా భుజాన వేసుకుని వెళ్లింది. నాయనమ్మ ముందు రోజే హసన్‌పర్తిలో ఎవరో పోయారని వెళ్లింది. నేను షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి పక్కింటి సారమ్మ నిన్ను నా చేతిలో పెట్టి తన పనికి వెళ్లిపోయింది.

మీ అమ్మ స్టీలు గిన్నెలో పాలు పిండి మూతపెట్టి, ఉగ్గుగిన్నెతో పట్టమని చెప్పింది. మొదటి గుక్క మింగావు. రెండోది నా ముఖాన ఊశావు. మూడోదానికి కాలు విసిరావు, గిన్నె బోర్లా పడింది. ఇక నీకు పాలు లేవు, నాకు నిద్ర లేదు. తొట్టెల ఊపాను. గిలక్కాయ ఆడించాను. నాకు జోలపాటలు రావు, వచ్చినవల్లా యూనియన్ నినాదాలు. వాటినే రాగం తీసి పాడాను. నువ్వు ఇంకా గట్టిగా ఏడ్చావు. తొమ్మిదిన్నరకు మీ అమ్మ పాత చీరతో నిన్ను గుండెకు కట్టుకుని బస్టాండుకు నడిచాను.

బస్సులో ఆడవాళ్లందరూ నన్నే చూశారు. ఒక ముసలామె "తల్లి లేదా నాయనా బిడ్డకు?" అని కళ్ల నీళ్లు పెట్టుకుంది. డ్యూటీలో ఉందమ్మా అంటే నమ్మలేదు. నిన్ను లాక్కుని భుజాన వేసుకుంది. వేసుకోగానే నువ్వు ఏడుపు ఆపేశావు. రెండు గంటలు నేను పడ్డ పాటు ఎవరికి చెప్పుకోను? ఆమె దిగిపోతూ నిన్ను నా ఒళ్లో పెట్టింది, నువ్వు మళ్లీ మొదలుపెట్టావు. కండక్టరు నన్ను టికెట్టు అడగడం మరిచి నీకు ఈల ఊది చూపించాడు. పాపం, మంచివాడే, కానీ ఆ ఈలతో నీ గొంతు ఇంకా పెరిగింది.

రోడ్డు మీద దిగి ఊళ్లోకి నడిచాను. బడి ముందు పిల్లలతో పెద్ద వరుస. నేను నేరుగా లోపలికి వెళ్లబోతే ఒకామె కొంగు బిగించి "మేం పొద్దటి నుంచి నిలబడ్డాం" అంది. మా ఆవిడే అని చెప్పడానికి నోరు రాలేదు. వరుసలో నిలబడ్డాను. మీ అమ్మ తల ఎత్తలేదు. ఒక్కో బిడ్డ దవడ నొక్కడం, రెండు చుక్కలు వేయడం, తర్వాతి బిడ్డ. మా వంతు వచ్చింది. నీ దవడా నొక్కింది, చుక్కలూ వేసింది, అప్పుడు నీ ముఖం చూసి ఆ తర్వాత నా ముఖం చూసింది. రంగు పోయింది ఆమెకు. "ఏమైంది, ఏమైంది?" అంది. ఏమీ కాలేదు, పాలు ఒలికిపోయాయి అన్నాను. అంతమంది ముందు ఆమె నన్ను ఎన్ని మాటలు అందో ఇక్కడ రాయను. కొంగు బిగించిన ఆమే చివరకు "పోనీలే నర్సమ్మా, మోసుకొచ్చాడుగా" అని నా తరఫున మాట్లాడింది.

మీ అమ్మ లోపలి గదిలో నీకు పాలు ఇస్తుంటే నేను వరండాలో ఒరిగాను. రాత్రి షిఫ్టు కదా. మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. నువ్వు నా పొట్ట మీద బోర్లా పడుకుని నిద్రపోతున్నావు. నా చొక్కా తడిసి ఉంది, చుట్టూ ఊరి పిల్లలు కూర్చుని చూస్తున్నారు. ఈ సంగతి ఐలయ్యకు చెప్పడం నా తప్పు. మిల్లులో నాకు ఆయమ్మ అని పేరు పెట్టాడు. అప్పట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండేది. 2014లో మన దేశంలో పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చినట్టు టీవీలో చెప్పిన రోజు మీ అమ్మ ఐలయ్యను పిలిచి టీ ఇచ్చి "ఇప్పుడు అనండి అన్నా, ఆయమ్మ అని" అంది. ఆయన అన్నాడు కూడా.

ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వచ్చాను! పార్కు గురించి అడగకూడదనే ఇదంతా రాస్తున్నాను కాబోలు.

2002లో మిల్లు మూతపడ్డాక కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాను. నీకు ఏడేళ్లు. నీకు అన్నం కలిపేవాణ్ని, బడికి దింపేవాణ్ని, తీసుకొచ్చేవాణ్ని. చేసేవి అవే పనులు. కానీ నీ మొదటి ఏడాదిలో షిఫ్టు దిగి పరిగెత్తుకొచ్చిన మనిషి వేరు, అప్పుడు ఇంట్లో కూర్చున్న మనిషి వేరు. మీ బాపు ఏం చేస్తాడని బడిలో అడిగితే "మా బాపు ఇంట్లోనే ఉంటాడు" అని గొప్పగా చెప్పావట. మీ అమ్మ నవ్వుతూ నాకు చెప్పింది. నువ్వు సంతోషంగానే చెప్పావు, అది నాకు తెలుసు. ఆ వారమే నేను బట్టల గోదాములో కాపలా పనికి చేరాను.

కాబట్టి ఒక్క ముక్క రాయి. వాళ్లు తీసేశారా, నువ్వే మానేశావా? ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలుసు. మానేసి ఉంటే నాకు చెప్పకపోవడం ఎందుకు? రజిత వాళ్లాయనకు పార్కులో కనిపించిన సంగతి మీ బాపుకు తెలియకూడదా? తీసేసి ఉంటే మాత్రం పాప వీడియోలతో నన్ను మభ్యపెట్టకు. నా దగ్గర కొంత డబ్బు ఉంది, స్వాతికి చెప్పనవసరం లేదు. సెలవే అయితే ఈ పేజీ చించేసి మిగతాది చదువు.

పార్సిలులో తైదల పిండి ఉంది. పలుచగా జావ కాచు, గడ్డ కట్టకుండా చల్లటి నీళ్లలో ముందు కలుపుకోవాలి. ఉప్పు, చక్కెర వేయకు. మీ అమ్మ పాత నూలు చీరలు రెండు ఉతికి పెట్టాం. ఆ కట్టుకునే సంచి ఏదో నీకు ఉండనే ఉంది, అయినా మెత్తటి చీర మెత్తటి చీరే. నడుముకు కాదు, భుజం మీది నుంచి ముడి వేయాలి, లేకపోతే సాయంత్రానికి వెన్ను పట్టేస్తుంది. పాపకు టోపీ పెట్టకుండా పొద్దున పార్కుకు తీసుకువెళ్లకు. నువ్వూ తలకు ఏదైనా కట్టుకో, నీకు చలి పడదు.

బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేసి పంచలేదని మీ అమ్మకు ఇంకా కినుకగా ఉంది. అడుగులు వేసేటప్పుడైనా చెప్పు, అరిసెలకు బెల్లం మిగుల్చుకుంటుంది.

1996 జాతరకు నిన్ను తూచినప్పుడు ఏడు కిలోలు ఉన్నావు. తక్కెడలో కూర్చుని పక్కనున్న బెల్లం ముద్దను నాకావు, మీ అమ్మ గోల పెట్టింది. పాప దానికన్నా ఎక్కువే ఉంటుంది. ఈ నెల ఇరవై లోపల బరువు రాయి, గ్రాములతో సహా. ఇంట్లో కాటా లేకపోతే ముందు పాపను ఎత్తుకుని నువ్వు ఎక్కు, తర్వాత పాపను దించి ఒక్కడివే ఎక్కు, తీసివేసి చూసుకో. నీ బరువు ఎంత వచ్చిందో అది కూడా రాయి. వీడియోలో ఆ చెయ్యి సన్నబడిందని మీ అమ్మ అంటోంది.

మీ బాపు