స్ప్రింక్లర్ల కింద సరుకు ఎంత ఎత్తుండాలి? పండగల ముందే చూడాలి

సంపాదకులకు,

శ్రావణమాసం పెళ్లిళ్లు మొదలుకొని దీపావళి దాకా తిరుపతి, చిత్తూరు బట్టల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో, ప్లాస్టిక్ సామాన్ల షోరూముల్లో సరుకు సీలింగు దాకా పేర్చేస్తారు. నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మాల్సిన స్ప్రింక్లర్లు ఉండేది ఆ సీలింగులోనే. నీళ్లు చిమ్మే ఆ మూతికి (హెడ్) ఆనేలా అట్టపెట్టె పెడితే ఆ హెడ్ లేనట్టే లెక్క. ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉన్న షాపులోనూ ఇలా జరగొచ్చు. ఎందుకంటే తనిఖీ రోజున ఉన్న సరుకు వేరు, దసరా ముందు వారం ఉండే సరుకు వేరు.

హెడ్ మధ్యలోని చిన్న గాజు బల్బులో ద్రవం ఉంటుంది. ఎర్ర బల్బు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పసుపుపచ్చది 79 దగ్గర, ఆకుపచ్చది 93 దగ్గర పగులుతుంది. వేడి తగిలి ఏ బల్బు పగిలిందో ఆ హెడ్ నుంచే నీళ్లు వస్తాయి. ఒకటి పగిలితే అంతస్తంతా కురవదు. పట్టుచీరలు తడిసిపోతాయన్న భయంతో వాల్వు మూసి ఉంచేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

నీళ్లు సూటిగా కిందకు పడవు. హెడ్ అడుగున పళ్లుపళ్లుగా ఉండే రేకుకు (డిఫ్లెక్టర్) తగిలి గొడుగులా విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడానికి చోటు కావాలి. అందుకే అమెరికా అగ్ని రక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ స్ప్రింక్లర్లకు పెట్టిన ‘ఎన్‌ఎఫ్‌పీఏ 13’ ప్రమాణం డిఫ్లెక్టర్ నుంచి సరుకు పైభాగానికి కనీసం 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్ల ఖాళీ అడుగుతుంది. పెద్ద గోడౌన్లలో మంటను మొదట్లోనే అణచడానికి వాడే ఈఎస్‌ఎఫ్‌ఆర్ రకం హెడ్లకైతే 36 అంగుళాలు. ఈ ఖాళీ తగ్గితే నీళ్లు పక్కనున్న పెట్టె మీదే పడి కారిపోతాయి. రెండు వరసల అవతల మంట పెరుగుతూనే ఉంటుంది. గోడకు బిగించిన అరలకు ఒక వెసులుబాటు ఉంది: నేరుగా వాటి పైన హెడ్ లేకపోతే ఆ అరలు, వాటి మీది సరుకు 18 అంగుళాల హద్దు దాటి పైకి ఉండొచ్చు. మధ్యలో నిలబెట్టిన అరలకు ఇది వర్తించదు.

ఇక అరల సంగతి. పైనుంచి పడే నీరు చెక్క అర లోపలికి పోదు. అర అడుగున మొదలైన మంటను సీలింగు హెడ్ నేరుగా ఆర్పలేదు. అరల మధ్య దారుల్లో పడే నీరు ఎదుటి వరసను తడిపి మంట దాటకుండా ఆపుతుంది. అందువల్ల దారి వెడల్పు, అర లోతు రెండూ ముఖ్యమే. ఎన్‌ఎఫ్‌పీఏ దృష్టిలో అర లోతు 30 అంగుళాలు మించకుండా, వరసల మధ్య కనీసం 30 అంగుళాల దారి ఉంటేనే అది షెల్ఫ్ నిల్వ. అంతకన్నా లోతైన చెక్క అరలను ర్యాకుగా లెక్కగట్టాలి. అప్పుడు సీలింగు హెడ్లు చాలక అరల మధ్యలో కూడా హెడ్లు పెట్టాల్సి రావచ్చు. పండగ సీజన్లో ఈ దారుల్లోనే బేళ్లు, కార్టన్లు దింపుతారు. సిబ్బంది బయటపడే దారీ, నీళ్లు దిగే దారీ ఒకేసారి మూసుకుపోతాయి. ఆడి సేల్‌కు అరలు జరిపి కొత్త వరస నిలబెట్టినప్పుడు హెడ్ల స్థానాలు కూడా మళ్లీ చూడాలి. ఈ ఒక్క పని దాదాపు ఎవరూ చేయరు.

సరుకు రకమూ లెక్కలోకి వస్తుంది. కిలో పత్తి గానీ, కాగితం గానీ కాలితే సుమారు 17 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో పాలిథిన్‌కు 43 పైమాటే. నూలు చీరల కోసం వేసిన స్ప్రింక్లర్ లైను కింద ప్లాస్టిక్ బిందెలు, కుర్చీలు 5 అడుగులు దాటి పేర్చితే ఆ డిజైన్ సరిపోదు. ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఒత్తిడి కావాలి.

ఎంత నీళ్లన్నది ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలో దుకాణాలు ‘ఆర్డినరీ హజార్డ్ గ్రూప్ 2’ అనే ప్రమాద తరగతి కిందకు వస్తాయి. డిజైన్‌కు లెక్కలోకి తీసుకునే 139 చదరపు మీటర్ల మీద నిమిషానికి 8.1 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 8.1 లీటర్లు పడాలి. అంటే నిమిషానికి సుమారు 1,126 లీటర్లు, గంటకు 67,500 లీటర్లు. హోస్ పైపులకు కావాల్సింది దీనికి అదనం. ఒక్కో హెడ్ 12 చదరపు మీటర్లు చూసుకుంటే దానికి నిమిషానికి 97 లీటర్లు రావాలి. మామూలు కె 80 హెడ్ (ఒక బార్ ఒత్తిడికి నిమిషానికి 80 లీటర్లు ఇచ్చేది) అంత ఇవ్వాలంటే దాని దగ్గర దాదాపు 1.5 బార్ ఒత్తిడి ఉండాలి. కొన్ని పాత భవనాల్లో పంపు లేకుండా మేడ మీది ట్యాంకు నుంచే పైపు దించుతారు. హెడ్‌కు 5 మీటర్ల పైన ట్యాంకు ఉంటే వచ్చేది అర బార్, అదీ నీళ్లు కదలనంతసేపే. ఆ అర బార్ పూర్తిగా అందినా ఒక్క హెడ్‌కు నిమిషానికి 57 లీటర్లే. నాలుగు హెడ్లు తెరుచుకుంటే పైపులో రాపిడికి అది ఇంకా పడిపోతుంది. తగిన పంపు, సంపు లేని లైను పేరుకు మాత్రమే స్ప్రింక్లర్.

మిగతా లోపాలు కంటికి కనిపించేవే. ఫాల్స్ సీలింగు వేసి హెడ్లను దాని పైనే వదిలేయడం, గోడలతో పాటు హెడ్లకూ రంగు పూయడం, పెయింటింగుకు కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పకపోవడం, స్ప్రింక్లర్ పైపులకు ఆఫర్ బ్యానర్లు, తోరణాలు కట్టడం. రంగు పడిన హెడ్‌ను గీకి శుభ్రం చేయకూడదు, మార్చేయాలి. 4 అడుగుల కంటే వెడల్పైన ఏసీ డక్టు కింద, సరుకు నింపిన అటక కింద విడిగా హెడ్లు కావాలి. అలాగని రెండు హెడ్లను 6 అడుగుల కంటే దగ్గరగా పెట్టకూడదు. ఒకదాని తుంపర్లు రెండోదాన్ని చల్లబరిచి పగలనివ్వవు.

పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. లైను చివర ఉండే టెస్ట్ వాల్వు తెరిస్తే ఒక్క హెడ్ నుంచి వచ్చేంత నీరు వస్తుంది. ఒకటిన్నర నిమిషంలోపు ఫైర్ అలారం ప్యానెల్లో బెల్లు మోగాలి. ఒత్తిడి పడిపోగానే పంపు తనంతట తాను మొదలవ్వాలి. మొదలవకపోతే ముందు స్విచ్ ‘ఆటో’లో ఉందో లేదో, డీజిల్ పంపు బ్యాటరీలో చార్జి ఉందో లేదో చూడండి. లీకు కోసం మూసిన వాల్వు మరమ్మతు తర్వాత మళ్లీ తెరిచారా అన్నదీ అప్పుడే తేలుతుంది. వాల్వును తెరిచి గొలుసుతో తాళం వేయాలి. అదే రేటింగు గల విడి హెడ్లు కనీసం ఆరు, వాటికి సరిపోయే స్పానరు షాపులోనే ఉంచుకోవాలి.

అగ్నిమాపక శాఖకూ, నగరపాలక సంస్థలకూ మా విన్నపం రెండు విషయాల్లో. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు లాంటి రద్దీ బజార్లలో ఫైరింజను లోపలికి రావడానికే సమయం పడుతుంది. అందుకని పెద్ద షాపుల తనిఖీ సరుకు నిండుగా ఉండే దసరా ముందు వారాల్లో పెట్టండి. తనిఖీలో పంపు గదితో ఆగకుండా అమ్మే అంతస్తులోనూ టేపు పెట్టి కొలవండి. యజమానులు ప్రతి స్తంభం మీదా, ప్రతి అర అంచునా డిఫ్లెక్టర్‌కు 18 అంగుళాల కింద ఎర్ర గీత గీయించండి. గీత దాటి పేర్చకూడదని నిచ్చెనెక్కే కుర్రాళ్లకే చెప్పండి, సరుకు సర్దేది వాళ్లే.

ఇట్లు,
స్ప్రింక్లర్ పనులు చేసే ఇంజనీర్లు,
తిరుపతి