ముగ్గుల పక్కన రంపంతో కోసుకునే బొమ్మ కూడా ఒకటి వేయండి

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే మీ పత్రికలో ముగ్గులు వేస్తారు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు, ఎక్కడిదాకా అనేది పక్కనే రాస్తారు. వాటిని కత్తిరించి దాచుకునేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. అదే పద్ధతిలో ఆదివారం పిల్లల పేజీలో, చెక్క మీద కోసుకోవడానికి వీలైన గీతబొమ్మ ఒకటి వేయమని అడగడానికే ఈ ఉత్తరం. విషయం చాలామందికి కొత్త కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సన్నరంపంతో చెక్కలో బొమ్మలు, జాలీలు, నేమ్ బోర్డులు కోయడం ఇప్పుడు నా వ్యాపకం. దానికి వాడే మిషన్‌ను స్క్రోల్ సా అంటారు. కుట్టుమిషన్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సూది ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంటే గుడ్డను మనం తిప్పుకున్నట్టు, ఇక్కడ అయిదంగుళాల సన్నని బ్లేడు ఉన్నచోటే ఆడుతుంటే చెక్కను రెండు చేతులతో నొక్కిపట్టి తిప్పుకుంటాం. బ్లేడు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే పెద్ద రంపాలు పోలేని మలుపుల్లోకి పోతుంది. దాదాపు ఉన్నచోటే వెనక్కి తిరుగుతుంది. బ్లేడుకు నంబర్లుంటాయి, నంబరు పెరిగితే మందం పెరుగుతుంది. బిగించాక వేలితో మీటితే తీగలా ఖంగుమనాలి. వదులుగా ఉంటే గీత వంకరపోతుంది. గట్టి టేకులో అయితే పావుగంటకో అరగంటకో మొండిబడుతుంది, మార్చుకోవాలి.

అసలు అందమంతా లోపలి కోతలో ఉంది. పువ్వు రేకుల మధ్య ఖాళీ రావాలంటే పక్కనుంచి కోసుకుంటూ వెళ్లకూడదు. ముందు డ్రిల్లుతో చిన్న బెజ్జం వేసి, బ్లేడు పైకొస విప్పి బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగించి, లోపలి ముక్కను చుట్టూ కోసి తీయాలి. మళ్లీ విప్పడం, ఇంకో బెజ్జం. పూజగది తలుపు జాలీకి ఇలాంటివి పదులకొద్దీ ఉంటాయి. ఓపిక కావాలి గానీ బలం అక్కర్లేదు. ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, ఫ్లాటులో ఒక మూల తప్ప చోటు లేనివాళ్లకు కూడా కుదిరే చెక్కపని ఇదేనని నా నమ్మకం.

మిషన్ ఖరీదు పది వేలు దాటుతుంది. కానీ ఈ పనికి మిషన్ ఉండి తీరాలనేమీ లేదు. ఫ్రెట్ సా అనే చేతిరంపం వందల్లోనే దొరుకుతుంది. యు ఆకారంలో ఇనప చట్రం, ఒక పిడి, అదే సన్నబ్లేడు. బల్ల అంచుకు వీ ఆకారంలో గాడి కోసిన పలకను బిగించి, ఆ గాడి మీద చెక్క పెట్టి, రంపాన్ని నిలువుగా ఆడించాలి. పళ్లు కిందికి చూసేలా బ్లేడు పెడితే, కిందికి లాగినప్పుడు కోస్తుంది, చెక్క ఎగరకుండా పలకకు అదిమి ఉంటుంది. నేను పిల్లలకు చూపిస్తున్నది ఇదే.

పిల్లలు అన్నాను కదా, అక్కడికి వస్తాను. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయినప్పుడు నేను ఆ పటాన్ని ప్లైవుడ్ మీద అతికించి జిల్లా సరిహద్దుల వెంట కోశాను. ఈ ఆలోచన నాది కాదు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కడపు పనివాడు చేసింది అదే. పటాన్ని పలకకు అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి, భూగోళం నేర్పడానికి అమ్మాడు. ఈనాటి జిగ్ సా పజిళ్లన్నీ అక్కడినుంచి వచ్చినవే. నా పటంలో గోదావరి పాయల మధ్యనున్న కోనసీమ ముక్క చేతిలోకి తీసుకుని, 'టీచర్, ఇది నిజంగానే నీళ్ల మధ్య ఉందా?' అని ఆరో తరగతి పిల్ల అడిగింది. విశాఖ జిల్లా ఇంత చిన్నదని ఎవరూ ఊహించలేదు. యానాం అయితే రంపానికి అందేంత కూడా లేదు. బెజ్జం వేసి, వేరే రంగు చెక్క ముక్క బిగించాను. అది మన రాష్ట్రంలో ఎందుకు లేదని అడిగారు, పుదుచ్చేరి కథ చెప్పుకున్నాం, ఫ్రెంచివాళ్ల దాకా వెళ్లింది మాట. బోర్డు మీద గోడపటం వేలాడదీసి నేను చెప్పిన ఏళ్లలో పిల్లలు తమంతట తాము అడిగిన ప్రశ్నలు ఇంత దూరం పోలేదు.

2020 జాతీయ విద్యావిధానంలో 6 నుంచి 8 తరగతుల మధ్య ప్రతి విద్యార్థికీ 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా ఉండాలనీ, ఆ రోజుల్లో స్థానికంగా పని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాలనీ రాశారు. ఎవరి దగ్గర అంటే వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు అని వరసగా చెప్పారు. వడ్రంగి పేరే ముందుంది. ఈ మాట మనకు కొత్తదీ కాదు. 1937లో వార్ధా సభలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అంటూ బడి టైంటేబుల్లో పీరియడు పెట్టమంది. పీరియడు వచ్చింది, కొన్నాళ్లకు ఆ పీరియడులో లెక్కలు చెప్పడం మొదలైంది. నేను పనిచేసిన ఒక బడిలో క్రాఫ్ట్ గది విరిగిన బెంచీలకు గోడౌనయింది. ఇప్పుడు సంచి లేని రోజు అంటే క్విజ్, ఉపన్యాస పోటీ, ఒక డాన్సు. పిల్లల చేతికి పనిముట్టు ఇవ్వాలంటే హెడ్మాస్టర్లకు టెన్షన్. వేలు తెగితే తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పాలి అన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అందుకే పిల్లలకు మిషన్ వద్దంటున్నాను, చేతిరంపం చాలంటున్నాను. ఆ బ్లేడు పిల్లలు ఆపగానే ఆగుతుంది, చెక్కను వెనక్కి విసరదు, గట్టిగా నొక్కితే విరిగి ఊరుకుంటుంది.

ఇక ఏం కావాలి? నేర్పేవాడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. మా వీధి చివర ఉన్న మేస్త్రి నాకు చిత్రిక పట్టడం నేర్పాడు. చెక్క పొర ఎటు పోతుందో వేలితో తడిమి చెప్పగలడు. రెడీమేడ్ తలుపులొచ్చాక ఆయనకు నెలలో సగం రోజులు పనిలేదు. అలాంటి మేస్త్రిని బడికి పిలిచి, రోజుకూలి ఎంతో అంతా ఇచ్చి, గురువుగారికి ఇచ్చే మర్యాదా ఇవ్వాలి. శాలువా కప్పి ఫొటో తీసి పంపేస్తే ఆయనకు ఆ పూట కూలి పోయినట్టే. చెక్కకూ కొదవలేదు. అడితిలోనూ, ఫర్నిచర్ షాపుల్లోనూ మిగిలే జానెడు, మూరెడు ప్లైవుడ్ ముక్కలు పొయ్యిలోకి పోతున్నాయి. అడిగితే బస్తాడు ఇస్తారు. రంపం ధర చెప్పాను. ఉప్పుకాగితం, ఫెవికాల్ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

దొరకనిది ఒక్కటే, గీత.

నెట్‌లో వెతికితే వేలల్లో ఉన్నాయి. కొమ్ముల దుప్పి, డేగ, క్రిస్మస్ చెట్టు, మంచులో ఇల్లు. వాటిని చేసేవాళ్లకు అవి సొంతం, చక్కగా చేస్తారు. మా పిల్లలకు మా ఊరి బొమ్మ కావాలి. ఇంగ్లండ్‌లో 1895లో మొదలైన హాబీస్ అనే వారపత్రిక ఇలా కోసుకునే నమూనాలను చదువరులకు ఉచితంగా ఇచ్చేది. వాటిని ముందేసుకుని మామూలు ఉద్యోగస్తులు, కూలివాళ్లు రాత్రిళ్లు వంటింటి బల్ల మీద అరలూ గడియారపు పెట్టెలూ కోసుకున్నారు. ఒక పత్రిక తలుచుకుంటే ఇంతపని చేయగలదని చెప్పడానికే దాన్ని గుర్తుచేస్తున్నాను.

మరి మీరు వేసే ముగ్గులే చెక్క మీద కోసుకోవచ్చు కదా అని మీ ఆర్టిస్టు అడగవచ్చు. కుదరదు, కారణం చెప్తాను. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చి మూసుకుంటుంది. రంపం ఆ గీతను పట్టుకుని పోతే లోపలివన్నీ ఊడి రాలిపోతాయి, చేతిలో ఏమీ మిగలదు. కోతకు గీసే బొమ్మలో ప్రతి భాగమూ పక్కదాన్ని ఎక్కడో ఒకచోట పట్టుకుని ఉండాలి. మేస్త్రి దాన్ని లంకె అంటాడు. ఈ విద్య మనవాళ్లకు బాగా తెలుసు. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. సీత మెడలో హారాలు, రాముడి కిరీటంలో రాళ్లు అన్నీ తోలులో పొడిచిన బెజ్జాలే. దీపం వెలుగు వాటిలోంచి వస్తే నగలు మెరుస్తాయి. ఎంత దగ్గరదగ్గరగా పొడిచినా బెజ్జానికీ బెజ్జానికీ మధ్య కాస్త తోలు మిగులుస్తారు. ఆ బొమ్మల గీతను చూసి నేర్చుకుంటే చెక్క జాలీ గీయడం వచ్చేసినట్టే. అమరావతి శిల్పాల్లోని పద్మం, లేపాక్షి కప్పు మీది చీర అంచుల డిజైన్లు, కలంకారీ తీగలు ఇవన్నీ లంకెలు కలిపి గీస్తే కోతకు లొంగేవే.

మన అక్షరాల సంగతి వేరే చెప్పాలి. తెలుగు అక్షరం చాలావరకు గుండ్రన. సన్నబ్లేడుకు వంపే సుఖం, మూల కష్టం. మూల దగ్గర ఆగి, అక్కడే తిప్పి, మళ్లీ బయల్దేరాలి. 'ల', 'అ', 'జ' ఒక్క ఊపున వస్తాయి. చిక్కల్లా విడిగా ఉండే చుక్కలతోనే. 'ఠ' లోపలి చుక్క దేనినీ పట్టుకుని ఉండదు, దాన్ని అక్షరానికి లంకె వేయాలి. అక్షరాన్ని వదిలేసి చుట్టూ ఉన్న చెక్కను ఉంచే పద్ధతిలో అయితే సున్నా మధ్యభాగం రాలిపోతుంది. అచ్చులో వాడే ఫాంటును అలాగే తీసుకుంటే తలకట్టు కొన్నిట్లో అక్షరానికి అంటీ అంటకుండా ఉంటుంది, కోస్తే ఊడిపోతుంది. కోతకు పనికొచ్చే తెలుగు వర్ణమాల ఒకటి మీ ఆర్టిస్టు గీసి పూర్తి పేజీ వేస్తే, ఎన్ని ఇళ్ల గుమ్మాల మీద ఇంటిపేరు చెక్కలో కనిపిస్తుందో ఆలోచించండి.

అచ్చు వేసేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బొమ్మ కోసే సైజులోనే ఉండాలి. జిరాక్స్ తీసినప్పుడు కుదించుకుపోయిందో లేదో తెలియడానికి పక్కన అయిదు సెంటీమీటర్ల గీత వేయాలి. రంగులు వద్దు, సన్నని నల్లగీత చాలు. తీసేయాల్సిన భాగంలో బూడిదరంగు నింపితే పిల్లలు పొరబడరు. లంకెలు మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆరు ఎం.ఎం. ప్లైవుడ్‌ను దృష్టిలో పెట్టుకుని గీస్తే మంచిది. మామూలు చెక్కలో పొరకు అడ్డంగా పోయే సన్నభాగం పుటుక్కున విరుగుతుంది, ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగానూ నిలువుగానూ ఉంటాయి కాబట్టి నిలబడుతుంది. మొదటి వారాల్లో లోపలి కోత లేని చేప, చిలుక లాంటివి వేసి, తర్వాత బెజ్జాల దాకా రావచ్చు.

బొమ్మ కింద ప్రతిసారీ రెండు మాటలు తప్పకుండా అచ్చువేయమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒకటి మాస్కు. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. చెక్క నారను జిగురుతో కలిపి అదిమి చేసే ఎండీఎఫ్ పలకల పొడి ఇంకా సన్నం, అందులో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చేసిన జిగురు కూడా ఉంటుంది కాబట్టి పిల్లలకు ఎండీఎఫ్ ఇవ్వనే కూడదు. ఎన్95 మాస్కు పెట్టుకుని, గాలి ఆడే వరండాలో కూర్చుని, పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. రెండోది చెక్క. ఎర్రచందనం జోలికి పోవద్దని పిల్లలకు ఇప్పుడే చెప్పాలి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్ర ఆ పనివాళ్ల బతుకుతెరువు. వాళ్లకే కలప దొరకడం కష్టంగా ఉంది. సరదాకు కోసుకునే మనం అడితి ముక్కలతో సరిపెట్టుకోవాలి.

లేజర్ మిషన్ నిమిషాల్లో కోస్తుంటే ఈ శ్రమ ఎందుకని మా అబ్బాయే అడిగాడు. లేజర్ కోసిన అంచు మాడి నల్లబడి ఉంటుంది, ఆ ముక్కల్ని చేతిపని అని అమ్ముతున్నవాళ్లూ ఉన్నారు. ఒక్క చిలుకను తన చేత్తో కోసిన పిల్లకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, గంటసేపు ఫోను వైపు చూడకుండా గీత మీదే కన్నుంచి కూర్చున్న ఎనిమిదో తరగతి మగపిల్లల్ని నేను చూశాను. క్లాసులో పది నిమిషాలు కుదురుగా ఉండరని వాళ్ల టీచర్లు వాపోయే పిల్లలే వాళ్లు.

ఈ ఉత్తరంతో పాటు మొదటి నెలకు సరిపడా గీతలు గీసి పంపుతున్నాను. చేప, చిలుక, మామిడి పిందె, కోనసీమ వేరే ముక్కగా ఊడివచ్చే గోదావరి జిల్లాల పటం. నాలుగూ మేస్త్రి ఆరు ఎం.ఎం. ప్లైవుడ్ మీద కోసి చూసి, చిలుక తోక దగ్గర లంకె కాస్త లావు చేయమంటే చేశాను. మీరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, నా పేరు వేయనక్కర్లేదు, పారితోషికం వద్దు. ఏ బడివాళ్లయినా జిరాక్స్ తీసుకోవచ్చని మాత్రం బొమ్మ కింద రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయురాలు,
సామర్లకోట