ట్రాప్ తప్పితే ఏం ఆడాలో కూడా నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది పాలకొల్లు. మా అబ్బాయి అయిదో తరగతి, రెండేళ్లుగా చెస్ నేర్చుకుంటున్నాడు. ఆదివారాలు భీమవరం, అమలాపురం పోటీలకు తిప్పుతున్నాను కాబట్టి చూసిందే రాస్తున్నాను. పిల్లలకు ముందు ట్రాప్‌లు, అంటే ఎదుటివాళ్లను ఆశపెట్టి పడగొట్టే ఎత్తులు నేర్పుతున్నారు, ఆట తర్వాత.

మావాడికి నేర్పింది బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్ అనే ట్రాప్. నల్లపావులతో మూడో ఎత్తుకే గుర్రాన్ని బోర్డు మధ్యలోని డి4 గడిలోకి దూకించి ఈ5 బంటును ఊరికే వదిలేస్తారు. ఎదుటివాళ్లు ఆశపడి దాన్ని గుర్రంతో తింటే మన మంత్రి జి5కి వస్తుంది, ఇంకా ఆశపడి ఎఫ్7 కూడా కొట్టారంటే ఏడో ఎత్తుకల్లా సొంత పావుల మధ్యే ఇరుక్కుని వాళ్ల రాజుకు మేట్, ఆట అయిపోయినట్టే. మొన్న మావాడు మొదటి రౌండ్లలో ఇలాగే గెలిచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, నేనూ చాలా సంబరపడ్డాను. తర్వాతి రౌండ్‌లో ఎదురుగా ఒక చిన్న పాప. చేతులు ఒళ్లో పెట్టుకుని బోర్డు వైపే చాలాసేపు చూసింది. బంటును ముట్టుకోలేదు. తన గుర్రంతో వీడి గుర్రాన్ని తీసేసి, వీడు బంటుతో తిరిగి కొట్టగానే రాజును ఏనుగు చాటుకు చేర్చే క్యాస్లింగ్ చేసేసుకుంది. అంతే! వీడికి బయటికొచ్చిన ఒక్క పావూ పోయింది, మిగతావన్నీ కదలకుండా అక్కడే ఉన్నాయి, ఆ పైన ఏం ఆడాలో వాడికి ఎవరూ చెప్పలేదు. టెన్షన్‌తో పెన్సిల్ కొరుకుతూ కూర్చున్న వాడి మొహం నాకింకా కళ్లముందే ఉంది.

కోచ్ గారిని అడిగితే "ముందువి గెలిచాడు కదండీ" అన్నారు.

ట్రాప్‌లన్నీ తప్పని అనను. లెగాల్ మేట్ అనే ఇంకో ట్రాప్‌లో తెల్లపావుల వైపు వేసేవి మామూలుగా కూడా వేయాల్సిన ఎత్తులే. మంత్రిని వదిలేసి గుర్రంతో ఈ5 బంటును తిన్నప్పుడు ఎదుటివాళ్లు మంత్రి జోలికి పోకుండా ఆ గుర్రాన్ని బంటుతో తిన్నా, మనం జి4లో ఉన్న వాళ్ల బిషప్‌ను తీసుకుంటాం, ఒక బంటు లాభం. కానీ సి6లో నల్ల గుర్రం ఉంటే లెక్క తిరగబడుతుంది, అది ఈ5లో తింటూనే ఆ బిషప్‌ను కూడా కాస్తుంది, మనకు పావు నష్టం. ఈ తేడా చెప్పకుండా మేట్ ఒక్కటే బట్టీ పట్టిస్తే ఎలా?

మనకు పక్కనే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) టైటిల్ 2019లో గెలిచి, మళ్లీ 2024లోనూ గెలిచింది. మన పిల్లలు కూడా అన్నేళ్లు ఆడాలని నా కోరిక.

అందుకే కోచ్‌లకు నా మనవి, ట్రాప్ చూపించిన రోజే బోర్డు తిప్పి, దాన్ని తప్పించుకునే వైపు కూడా పిల్లాడిచేత ఆడించండి. మీ ఆదివారం పిల్లల పేజీలో కూడా వారానికి ఒక ట్రాప్, దానికి సరైన జవాబు వేయగలరేమో చూడండి.

ఒక చెస్ విద్యార్థి తల్లి,
పాలకొల్లు