ఉయుని జీప్ టూర్: సోమవారం బయల్దేరుతున్నాం

అందరికీ నమస్కారం 🙏

సోమవారం ఉదయం 10 గంటలకు బొలీవియాలోని ఉయునిలో గైడ్ ఆఫీసు ముందు కలుద్దాం. జీపుకి ఆరుగురు. మూడు పగళ్లు, రెండు రాత్రులు. బుధవారం సాయంత్రానికి మళ్లీ ఉయుని చేరతాం.

మొదటి రోజంతా ఉప్పు మైదానమే, పది వేల చదరపు కిలోమీటర్లకు పైనే! నేల మీద ఉప్పు పలకలు పలకలుగా గట్టిపడి ఉంటుంది. తెల్లటి నేల మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది, కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు అంచులకీ రాయండి. నల్ల కళ్లద్దాలు లేకుండా దిగొద్దు.

రెండో రోజు లగూనా కొలొరాడా సరస్సు. ఎర్రటి నీళ్లు, ఫ్లెమింగోలు, విపరీతమైన గాలి.

మూడో రోజు తెల్లవారకముందే లేవాలి. సోల్ దె మన్యానా అనే వేడి ఆవిరి బుగ్గల దగ్గర బురద కుతకుత ఉడుకుతుంటుంది. గైడ్ నడిచిన చోటే నడవండి, ఆవిర్ల దగ్గరికి వెళ్లొద్దు.

ఎత్తు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. సోల్ దె మన్యానా దగ్గర దాదాపు 4,850 మీటర్లు. కనీసం రెండు రోజుల ముందే ఉయుని చేరుకోండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే మాత్రల గురించి మీ డాక్టర్‌ని అడగండి. తలనొప్పి, వాంతులు మొదలైతే మొహమాటపడకుండా గైడ్‌కి వెంటనే చెప్పండి.

రాత్రిళ్లు గడ్డకట్టే చలి. స్లీపింగ్ బ్యాగ్, టోపీ, గ్లౌజులు తప్పనిసరి. దారిలో వచ్చే ప్రకృతి రిజర్వ్ ఎంట్రీకి బొలీవియానోలు (అక్కడి కరెన్సీ) నగదుగానే ఉంచుకోండి, దారిలో ఏటీఎంలు ఉండవు. ఫోన్ సిగ్నల్ కూడా కష్టమే, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి.

శనివారం రాత్రిలోగా పాస్‌పోర్ట్ కాపీ, ఆరోగ్య సమస్యలేమైనా ఉంటే ఆ వివరాలు నాకు విడిగా పంపండి. ఇంకా కొందరివి రావాలి, ప్లీజ్!