చెల్లి కంచం వేరు చెయ్యొద్దురా

ఒరేయ్ శీనూ,

చెల్లికి టీబీ అని తేలిన దగ్గర్నుంచి ఇంట్లో ఏమేం మార్చారో నువ్వు చెప్పుకుంటూ పోతుంటే నేను మధ్యలో అడ్డం రాలేదు. నీ గొంతు అలా ఉంది మరి. ఫోన్‌లో ఇలాంటివి సగం సగమే చెప్పగలం కాబట్టి కూర్చుని రాస్తున్నాను. పొడుగే అవుతుంది. చదివాక అమ్మకు కూడా వినిపించు.

కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి రోజూ వేణ్ణీళ్లలో ఉడకబెట్టడం, తలుపు గొళ్లేలకు శానిటైజర్, వెనక సామాన్ల గదిలో మంచం, చలిగాలి తగులుతుందని ఆ గది కిటికీ మూసెయ్యడం. నువ్వు చెప్పినవి ఇవే కదా? వీటిలో చెల్లిని ఏడిపించడం తప్ప ఎవరికీ మేలు చేసేది ఒక్కటీ లేదు. నిజంగా కీడు చేసేది మాత్రం ఒకటుంది. అది ఆ మూసిన కిటికీ. ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేసి ముందు వెళ్లి అది తెరిచి రా.

అంటురోగం అనగానే మనకు అన్నీ ఒకే మూటలో కనిపిస్తాయి. కరోనా అప్పుడు అలవాటైన భయం ఇంకా పోలేదు. కానీ ఒక్కో జబ్బుకు ఒక్కో దారి ఉంటుంది రా. కలరా నీళ్ల దారిలో వస్తుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒకే వీధి పంపు నీళ్లు తాగారని పట్టుకున్నాడు. మలేరియా దోమ దారిలో వస్తుందని తేలింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో, రోనాల్డ్ రాస్ చేతుల మీదుగా. గజ్జి ఒంటికి ఒళ్లు తగిలితే వస్తుంది. దారి తెలియకుండా కట్టడి చేస్తే, వచ్చే దారి వదిలేసి రాని దారికి తాళం వేసినట్టే.

ఊపిరితిత్తుల టీబీ దారి గాలి. మందు మొదలుపెట్టని రోగి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు, పాట పాడినప్పుడు కూడా తుంపర్లు బయటికొస్తాయి. పెద్దవి నేల మీద పడిపోతాయి. సన్నవి మాత్రం గాల్లోనే తడారిపోయి, మిల్లీమీటరును రెండు వందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క కంటే చిన్నవైపోయి తేలుతూ ఉంటాయి. తలుపులన్నీ మూసిన గదిలో అగరబత్తి పొగ ఎలా నిలిచిపోతుందో చూశావుగా, అలా గంటల తరబడి ఉంటాయి. పీల్చినప్పుడు అంత చిన్నవి మాత్రమే ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లగలవు. పెద్ద తుంపర ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఇక కంచానికి అంటుకున్న క్రిమి లేచొచ్చి మళ్లీ గాల్లో తేలదు. మామూలుగా తోమితే చాలు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో వెల్స్, రైలీ అని ఇద్దరు దీన్ని తేల్చడానికి 1950లలో ఒక పని చేశారు. టీబీ వార్డులోని గాలిని గొట్టాలతో పైకప్పు మీదున్న గదికి పంపించి, అక్కడ గినీ పందులను ఉంచారు. రోగుల కంచాలు, దుప్పట్లు ఏవీ వాటి దాకా పోలేదు. పోయింది గాలి ఒక్కటే. ఆ గాలితోనే వాటికి టీబీ అంటింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాల గుండా పంపి ఇంకో గదికి వదిలితే అక్కడి జంతువులకు అంటలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. మందులు వాడుతున్న రోగుల నుంచి, ఆ మందులకు క్రిమి లొంగేదైతే, అంటడం చాలా తక్కువ.

నీకు అసలు చెప్పాలనుకున్నది మద్రాసు కథ. దాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మన తాతల కాలంలో టీబీ వస్తే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియానికో, వికారాబాద్ అనంతగిరికో పంపేవాళ్లు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటికి దూరం. ఉన్న మంచాలు కొన్ని, రోగులు లక్షలు. మంచం దొరకనివాళ్లు ఇంట్లోనే పోయేవాళ్లు. 1956లో మద్రాసులో కొత్తగా పెట్టిన టీబీ పరిశోధన కేంద్రంలో వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు, ఆయన జట్టు ఒక ధైర్యం చేశారు. ఇరుకిళ్లలో ఉండే దాదాపు రెండు వందల మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మందిని శానిటోరియంలో పెట్టారు. మిగతా సగాన్ని మందులిచ్చి ఇళ్లకే పంపారు. అదే ఇరుకు గది, అదే చాలీచాలని తిండి, చుట్టూ పిల్లలు. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఇంచుమించు శానిటోరియం వాళ్లతో సమానంగా కోలుకున్నారు. అంతకంటే పెద్ద విషయం, రెండు వైపుల కుటుంబాలనూ ఐదేళ్లు కనిపెట్టి చూశారు. రోగితో కలిసి ఉన్న ఇళ్లలో, రోగిని శానిటోరియానికి పంపిన ఇళ్లలో కంటే ఎక్కువమందికేమీ టీబీ రాలేదు. అంటాల్సినవాళ్లకు మందులు మొదలుకాకముందే, ఎవరికీ తెలియని ఆ దగ్గు నెలల్లోనే అంటిపోయింది. మందులు మొదలయ్యాక మనిషిని దూరం పెట్టి దక్కేది ఏమీ లేదు. 1959లో మొదటి ఏడాది ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడుతూ వచ్చాయి. మద్రాసు పేటల్లో తేలిన సత్యం లోకానికి దారి చూపింది, అరవై ఏళ్లు దాటినా మన ఇళ్లలోకి మాత్రం ఇంకా రాలేదు. నా బాధ అదే.

చెల్లి మాత్రలు మొదలుపెట్టి నెల దాటింది. రిపోర్టులో టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందనే వచ్చిందని నువ్వే చదివి చెప్పావు. అలాంటప్పుడు మందులు మానకుండా రెండు వారాలు వేసుకుంటే మామూలుగా ఇతరులకు అంటుకునే ప్రమాదం దాదాపు పోయినట్టే. నేను రోజూ మైక్రోస్కోపు ముందు కూర్చుని చూసేది ఇదే. కళ్లెను గాజుపలక మీద పల్చగా పూసి, ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట పెడతాం. తర్వాత ఆమ్లంతో కడిగితే మిగతా అన్నిటి రంగూ పోతుంది, ఒళ్లంతా కొవ్వు పొర ఉన్న ఈ క్రిమి రంగు పోదు. పైన నీలం రంగు వేసి చూస్తే, ఆ నీలంలో సన్నటి ఎర్ర గీతలు కనబడతాయి. మొదట్లో లెక్కపెట్టలేనన్ని గీతలున్న మనిషి రెండో నెల చివర పరీక్షకు వస్తాడు. పలకంతా వెతికినా చాలామందిలో ఒక్కటీ ఉండదు. ఆ రిపోర్టు రాసేటప్పుడు నాకు కలిగే సంతోషం నీకెలా చెప్పను!

అయితే గీతలు పోయాయని మాత్రలు ఆపకూడదు. ఈ క్రిమి రెండు కావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అంత నెమ్మది. కొన్ని నిద్రపోతున్నట్టు దాక్కుంటాయి. అందుకే ఆరు నెలలు. దగ్గు తగ్గి ఆకలి పుట్టగానే మానేసేవాళ్లను చూస్తుంటాను, వాళ్లలో మందుకు లొంగని టీబీతో తిరిగొచ్చేవాళ్లున్నారు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దని చెల్లికి చెప్పు, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేస్తున్న విషయానికి వస్తా. అత్తింటివాళ్లు చెల్లిని పుట్టింటికి పంపేసి, మూడేళ్ల బుజ్జిగాణ్ణి తమ దగ్గరే ఉంచుకున్నారన్నావు, పిల్లాడికి అంటకుండా. మాటల మధ్యలో ఇంకోటి కూడా అన్నావు, గుర్తుందా? చెల్లి మామగారు రెండేళ్లుగా దగ్గుతూనే ఉన్నారని, చుట్ట దగ్గులే అని ఎవరూ పట్టించుకోరని. శీనూ, చెల్లికి ఇది ఎక్కడో ఒకచోట నుంచి వచ్చింది. ఆయన దగ్గరి నుంచే అని నేననను, పరీక్ష చేయకుండా ఎవరినీ అనకూడదు. కానీ మాత్రలు వేసుకుంటూ, ఇక ఎవరికీ అంటించని పిల్ల బయటికొచ్చేసింది. పరీక్ష చేయించుకోని దగ్గు ఆ ఇంట్లోనే, ఆ పసివాడి పక్కనే పడుకుంటోంది. ప్రమాదం ఉంటే గింటే అక్కడుంది.

క్రిమి ఒంట్లో చేరినంత మాత్రాన జబ్బు రాదు. పది మందిలో తొమ్మిది మందికి జీవితాంతం ఏమీ కాదు. కానీ ఐదేళ్లలోపు పిల్లలకు ఆ భరోసా లేదు, త్వరగా ముదురుతుంది, మెదడుకు కూడా పాకొచ్చు. వాడికి టీబీ లేదని తేల్చుకుని, ముందు జాగ్రత్త మందు మొదలుపెట్టాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. పెద్దవాళ్లు, మీ బావగారు, నువ్వు, అమ్మ, అందరూ చూపించుకోవాలి. అమ్మకు షుగరుంది కాబట్టి ఆవిడ విషయంలో ఆలస్యం వద్దు.

తిండి గురించి అమ్మ అడిగిందన్నావు. పథ్యం ఏమీ లేదని చెప్పు. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగ, చేప, ఏది దొరికితే అది కడుపునిండా పెట్టమను. జార్ఖండ్‌లో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2023లో వచ్చింది. రోగి ఇంట్లో మిగతావాళ్లకు కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇస్తే, వాళ్లకు కొత్తగా టీబీ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. టీకా కాదు, కొత్త మందు కాదు, అన్నం, పప్పు! అందుకే చెల్లిని వేరుగా కూర్చోబెట్టి మిగిలింది పెట్టడం కాదు, అందరితో పాటు కూర్చోబెట్టి ఇంకో గరిటె వెయ్యమను. తిండి కోసం ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఖాతా నంబరు ఇచ్చారో లేదో చూడు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. మీ బావగారింటికి ఇద్దరం కలిసే వెళ్దాం, గొడవకు కాదు. కళ్లె డబ్బాలు నేనే తెస్తాను. మామగారి చేత ఒకటి అప్పుడే తీయించి, రెండోది మర్నాటి పొద్దుటికి వదిలేసి వద్దాం. నిద్ర లేవగానే, నీళ్లతో నోరు పుక్కిలించి, గదిలో కాకుండా ఆరుబయట నిలబడి, లోపలి నుంచి దగ్గి తీయాలి. ఉమ్మి పనికిరాదు. ఆయనకు కోపమొస్తే నేను మాట్లాడతాను, పెద్దాయనతో నువ్వు మాట మాట అనుకోవద్దు. చెల్లి రిపోర్టులు, మాత్రల కార్డు తీసి ఉంచు. బుజ్జిగాడి బరువు ఎంతుందో కూడా కనుక్కో, వాడి మందు మోతాదు దాన్ని బట్టే ఉంటుంది.

నీ,
రాజు