మీటరు మార్చారు, చదవడం నేర్పలేదు

సంపాదకులకు,
స్మార్ట్ మీటరు గోడకు బిగించినంత మాత్రాన కరెంటు ఆదా కాదు. దాన్ని చదవడం ఇంటివాళ్లకు నేర్పాలి. మీటరు మీద మిణుకుమనే చిన్న దీపం పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, నిమిషానికి 16 మిణుకులంటే 300 వాట్లు. రాత్రి దీపాలు, ఫ్యాన్లు ఆపి, ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు లెక్కపెట్టండి. సెట్‌టాప్ బాక్సు, రూటరు, ఛార్జర్లు కలిసి ఊరికే 50 వాట్లు లాగుతుంటే నెలకు 36 యూనిట్లు పోయినట్టే!

సోలార్ కరెంటు మధ్యాహ్నం మిగులుతుంది, సాయంత్రం చాలదు. నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్ పగటికి జరపడమే మేలు. అయితే పగటి కరెంటుకు రేటు తగ్గించే చోట, ఆ చౌక రేటు మొదలైన నిమిషానికే అందరూ టైమర్లు పెడితే వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. ఇంటింటికీ పది, ఇరవై నిమిషాల తేడా ఉండాలి. ఈ సంగతి బిల్లు వెనకైనా అచ్చువేయండి.

— ఒక పాఠకుడు