పసుపు చున్నీ ఆవిడకు, మా చిట్టి తరఫున

మూడు రాత్రుల తర్వాత ఇవాళ మధ్యాహ్నం మా పిల్లి చిట్టి తనంతట తాను గిన్నెలో మూతి పెట్టింది. నాకు కళ్లు మూసుకుపోతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోలేను.

మందు వేసింది నేనే. మా కుక్క రాజుకి ఫ్లీస్ (బొచ్చులో పట్టే, రక్తం పీల్చే చిన్న పురుగులు) పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు కొంచెం మిగిలితే చిట్టికీ వేశాను. "పిల్లికైతే సగం చాలు" అని అమ్మినతను చెప్తే నమ్మాను. అయిదారు గంటలకి చెవులు అదరడం మొదలైంది. అర్ధరాత్రికి ఒళ్లంతా వణుకు, నోట్లోంచి సొంగ. లేవబోతే కాళ్లు నిలవడం లేదు. ముందు ఫోన్ చేసిన హాస్పిటల్ వాళ్లు పొద్దున తీసుకురమ్మని పెట్టేశారు.

రెండో చోట మాకన్నా ముందు ఒకావిడ ముసలి కుక్కని పక్కన పడుకోబెట్టుకుని కూర్చున్నారు. చిట్టిని చూడగానే లేచి "ముందు మీరు వెళ్లండి" అన్నారు. డాక్టర్‌గారు వణుకు తగ్గడానికి ఇంజెక్షన్ వేసి, ఒంటి మీద మందు వెంటనే కడిగేయాలన్నారు. రాత్రి డ్యూటీకి ఆయన ఒక్కరే, లోపల ఇంకో కేసు. నా చేతులు ఆడటం లేదు. ఆవిడే చేతులు పైకి మడిచి, గిన్నెలు తోమే లిక్విడ్ తీసుకుని, మెడ దగ్గర బొచ్చు పాయలు పాయలుగా విడదీసి రెండుసార్లు కడిగారు. నేను వేడి నీళ్లు తిప్పబోతే ఆపారు. వేడికి చర్మం మందుని ఇంకా పీల్చుకుంటుందట, గోరువెచ్చగా ఉంటే చాలట. తువ్వాలు కనపడకపోతే తన పసుపు చున్నీ తీసి చుట్టేశారు. "నా చేతులతో నేనే చేశానండీ" అన్నాను. "దురదతో బాధపడుతోందనే కదమ్మా వేశావు" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, ఆ సింక్ దగ్గరే కూలబడి ఏడ్చేశాను. పేరు కూడా అడగలేదు. అమ్మా, చున్నీ ఉతికి పెట్టాను. ఒక అంచున చిట్టి గోళ్లకి దారాలు లేచాయి. మీ కుక్కకి ఎలా ఉందో ఒక్క మాట చెప్పండి.

ఆ మందులో ఉన్నది పెర్మెత్రిన్ అనే, పురుగుల్ని చంపే రసాయనం. కుక్క లివర్ దాన్ని విరిచేస్తుంది, పిల్లి లివర్‌కి ఆ శక్తి చాలదు. విరుగుడు లేదు. కడగడం, వణుకు ఆపడం, సెలైన్ పెట్టి కాచుకోవడం, అంతే. మేం వేసినదాంట్లో అది 45 శాతం. అందులో సగమైనా మూడు కిలోల పిల్లికి విషమే. ఇంత ప్రమాదమైనదాని మీద "పిల్లులకు వాడరాదు" అన్న మాట పాకెట్ వెనక చీమ తలంత అక్షరాల్లో ఉంది! ముందువైపు పెద్దగా వేయడానికి ఏమైంది? అమ్మేవాళ్లకి ఒక్క ముక్క నేర్పే దిక్కు లేదా?

మా ఆయన, అత్తయ్య రాత్రులు వంతులేసుకుని కూర్చున్నారు. వాళ్ల సంగతి సరే.

అయ్యో, ఆ వేళప్పుడు కారు తీసిన కింది పోర్షన్ బాబాయిగారిని మర్చిపోయాను. తెల్లవారుజామున టీ ఇచ్చిన వాచ్‌మన్‌ని కూడా. ఇంకా, రాజు ఒంటి మీద మందు చిట్టికి తగలకుండా మూడు రోజులు వాడిని తన గదిలో ఉంచుకున్న పక్కింటి అమ్మాయి. తల్లీ, రేపు వచ్చి తీసుకెళ్తాను.